మిషన్ కాలేజీలో బొమ్మల గది: ఎవరిది, ఎందుకు, ఎలా నడపాలి

విశాఖలో చర్చి సంస్థో, మఠమో, మతపరమైన ట్రస్టో నడిపే డిగ్రీ కాలేజీ ఆర్ట్ గ్యాలరీ పెట్టాలనుకుంటే మొదటి మీటింగులోనే మూడు మాటలు వినపడతాయి. మన విశ్వాసం అందులో కనపడాలని యాజమాన్యం అంటుంది. కాలేజీలకి గ్రేడు ఇచ్చే న్యాక్ బృందం వచ్చినప్పుడు చూపించుకునేలా ఉండాలని ప్రిన్సిపాల్ అంటారు. పిల్లలు వేసిన బొమ్మలు తగిలించుకోవడానికి నాలుగు గోడలు చాలని డ్రాయింగ్ నేర్పే లెక్చరర్ అంటారు. మూడూ న్యాయమైన కోరికలే. కానీ ఒకే గది గుడిగా, షోకేసుగా, తరగతిగా ఒకేసారి పనిచెయ్యదు. రిబ్బన్ కత్తిరించాక ఏడాది తిరిగేసరికి చాలా గ్యాలరీలు తాళం పడి, పాత బెంచీలు పేర్చుకునే గదులుగా మారేది ఇక్కడే. ఆ గది పని ఏమిటో ముందుగా ఎవరూ తేల్చరు.

తేల్చాల్సిన సంగతి ఇది. ఆర్ట్స్ కాలేజీలో గ్యాలరీ అంటే తరగతి గది. లైబ్రరీ చదవడం నేర్పుతుంది, ల్యాబ్ కొలవడం నేర్పుతుంది, గ్యాలరీ చూడడం నేర్పుతుంది. బీకాం చదివే అమ్మాయి ఒక బొమ్మ ముందు పది నిమిషాలు నిలబడి ఏం కనపడుతోందో, ఆ సంగతి ఎలా తెలుస్తోందో రెండు వాక్యాల్లో చెప్పగలిగితే గ్యాలరీ తన పని చేసినట్టే. ఆ కాలేజీని నడిపేది మతసంస్థ కాబట్టి, విశ్వాసానికీ రూపానికీ ఉన్న సంబంధం గురించి అడగడానికి ఆ గదికి మామూలు కాలేజీ కంటే ఎక్కువ హక్కూ ఉంది, ఎక్కువ బాధ్యతా ఉంది.

దండం పెట్టే చూపు, పరిశీలించే చూపు

చూడడానికి నియమాలుంటాయని ఈ ఊరివాళ్ళకి ఎవరూ కొత్తగా చెప్పక్కర్లేదు. సింహాచలంలో అప్పన్న ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. వైశాఖ శుద్ధ తదియ ఒక్కరోజే నిజరూపం. క్యాథలిక్ గుడుల్లో, ఈస్టరుకి ముందు వచ్చే తపస్కాలం చివరి రోజుల్లో స్వరూపాలకి ఊదారంగు గుడ్డ కప్పే ఆచారముంది. రెండు సంప్రదాయాలకీ చుట్టరికం లేదు, కానీ రెండూ ఒకటే చెబుతున్నాయి: రూపాన్ని ఎప్పుడు చూడాలి, ఎంత చూడాలి అన్నది కూడా భక్తిలో భాగమే. ఇక తొట్లకొండ ఎక్కితే అక్కడి బౌద్ధులు మొక్కింది మహాస్తూపానికి, మనిషి రూపానికి కాదు. హార్బరు పక్కన రాస్ హిల్ చర్చి, దర్గా కొండ, వెంకటేశ్వరస్వామి కొండ ఒకదాని పక్కన ఒకటి నిలబడి ఉంటాయి. ఆ మూడింట్లో బొమ్మకున్న చోటు మూడు రకాలు. గ్యాలరీకి ఇంతకంటే మంచి మొదటి పాఠం దొరకదు.

గుడిలో చూపు దర్శనం. అక్కడ మనం బొమ్మని చూడడమే కాదు, అటునుంచి మనల్నీ చూస్తున్నారనే నమ్మకంతో నిలబడతాం. గ్యాలరీలో చూపు వేరు. రంగు ఎలా పట్టింది, ఉలి ఏ వైపు నుంచి పడింది, చేసినవాడు ఏం వదిలేశాడు, ఎందుకు వదిలేశాడు అని అడిగే చూపు అది. ఒకటి ఎక్కువ, ఇంకోటి తక్కువ అని లేదు. కలిపేస్తే మాత్రం రెండూ చెడతాయి.

ఎలా చెడతాయో చూడండి. మరియమాత చిత్రం తగిలించారు. రెండో రోజే ఎవరో కింద కొవ్వొత్తి వెలిగిస్తారు. వారం తిరక్కుండా ఫ్రేము కింది అంచున మసి చేరుతుంది, వేడికి అద్దం వెనక చెమ్మ కదులుతుంది. రాతి శిల్పమైతే పసుపు, కుంకుమ, నూనె పడతాయి. రాతి రంధ్రాల్లోకి ఇంకిన నూనె మళ్ళీ పూర్తిగా రాదు. దీనికి బోర్డు మీద ‘తాకరాదు’ అని రాస్తే సరిపోదు, కసిరితే అసలు పనికిరాదు. భక్తితో చేసిన పనిని తప్పు పట్టకూడదు. గది బయట, గుమ్మం పక్కన ఒక చిన్న బల్ల పెట్టి, పువ్వులైనా కొవ్వొత్తులైనా అక్కడ ఉంచమని చెప్పాలి. ప్రార్థన చేసుకోవాలనిపించినవాళ్ళకి చాపెల్ (కాలేజీ ప్రార్థనా మందిరం) ఎటుందో చూపించాలి. లోపల నిప్పు, నీళ్ళు, నూనె ఉండకూడదు.

ఇందులో రాజ్యాంగం మాట కూడా ఉంది. మైనారిటీలు తమ విద్యాసంస్థలు స్థాపించి నడుపుకునే హక్కు ఆర్టికల్ 30(1)ది. ప్రభుత్వ గుర్తింపో, ప్రభుత్వ నిధులో ఉన్న సంస్థలో ఏ విద్యార్థినైనా సమ్మతి లేకుండా మతబోధలో, ఆరాధనలో పాల్గొనమని అడగకూడదన్నది ఆర్టికల్ 28(3). గ్యాలరీ తరగతిగా ఉన్నంతకాలం అందరినీ రమ్మని హాజరు వెయ్యవచ్చు. ప్రదర్శన ప్రారంభం ప్రార్థనా కూటంగా మారిన రోజున ఆ హాజరు పట్టీకి ఇబ్బంది వస్తుంది. ప్రార్థన వేరుగా పెట్టుకుని, ఇష్టమైనవాళ్ళని రమ్మంటే ఏ పేచీ ఉండదు.

ఏం తగిలించాలి

క్రైస్తవ కాలేజీ అనగానే యూరప్ క్యాలెండర్ బొమ్మలు పెద్దవి చేసి తగిలించడం అలవాటైపోయింది. అవి గోడ నింపుతాయి, చూపుకి పని చెప్పవు. 1963లో క్యాథలిక్ చర్చి రెండో వాటికన్ సభ ఆరాధన మీద విడుదల చేసిన పత్రం, చర్చి ఏ ఒక్క శైలినీ తనదిగా చేసుకోలేదనీ, అన్ని జాతుల, ప్రాంతాల నేటి కళకూ చోటివ్వాలనీ స్పష్టంగా చెప్పింది. మన దేశంలో అంతకు ముందే ఆ దారి మొదలైంది. గోవాకి చెందిన ఆంజెలో ద ఫొన్సెకా (1902–1967) శాంతినికేతన్‌లో నేర్చుకుని మరియమ్మకి చీర కట్టాడు. సొంత ఊళ్ళో విమర్శలు రావడంతో పుణె వెళ్ళిపోయి అక్కడే పనిచేశాడు. క్రైస్తవుడు కాని జామినీ రాయ్ (1887–1972) బెంగాలీ పటచిత్రాల గీతతో క్రీస్తుని పెద్దపెద్ద కళ్ళతో వేశాడు. మన తెలుగువాళ్ళలో లూథరన్ పాస్టరు పి. సాల్మన్ రాజ్ బైబిలు కథల్ని బాతిక్‌లో (బట్ట మీద మైనం అద్ది రంగులు వేసే పద్ధతి), చెక్క అచ్చుల్లో చేశారు. ఈ ముగ్గురి పనినీ పక్కపక్కన పెడితే, పరాయి కథ మన గీతలోకి వచ్చినప్పుడు ఏది మారింది, ఏది మారలేదు అన్న ప్రశ్న ఒక సెమిస్టరుకి సరిపోతుంది. అసలు చిత్రాలు దొరకడం కష్టం. అనుమతి తీసుకుని అచ్చు వేయించిన ప్రతులు పెట్టినా చాలు, అది ప్రతి అని లేబుల్ మీద దాచకుండా రాస్తే.

సొంత మతం బొమ్మలే పెట్టాలా అన్నది తరువాతి తగాదా. అమెరికాలో సెయింట్ లూయిస్ యూనివర్సిటీ జెస్యూట్లనే క్యాథలిక్ గురువుల సంఘానిది. అక్కడ ఒకప్పుడు జెస్యూట్ విద్యార్థులు ప్రార్థన చేసుకున్న చాపెల్‌నే 1993లో సమకాలీన మతకళల మ్యూజియంగా మార్చారు. అందులో వేర్వేరు విశ్వాసాల కళాకారుల పనికి చోటుంది. సంస్థ తన గుర్తింపు వదులుకోలేదు, తన గదిలో అతిథికి కుర్చీ వేసింది. మన దగ్గరా అది కుదురుతుంది. తపస్కాలంలో సిలువమార్గం 14 స్థలాల మీద విద్యార్థుల లినోకట్లు (లినోలియం పలక చెక్కి వేసిన అచ్చులు) పెట్టిన కాలేజీ, శీతాకాలంలో ఏటికొప్పాక లక్కబొమ్మలకి నెలరోజులు ఇవ్వవచ్చు. వరాహ నది ఒడ్డున అంకుడు కర్రని తరిమెన (లేత్) మీద తిప్పుతూ, ఆ రాపిడి వేడికి లక్క కరిగించి రంగు పట్టించే పని అది. భౌగోళిక గుర్తింపు 2017లో వచ్చింది. బొమ్మలతోపాటు సగం చెక్కిన అంకుడు దిమ్మ, లక్క కడ్డీ, రంగు పట్టించే ఆకు కూడా పెట్టండి. తయారైన వస్తువు ఒక్కటే పెడితే అది దుకాణమవుతుంది.

గొడవ వచ్చినప్పుడు

రాకుండా ఉండదు. 2007లో బరోడా విశ్వవిద్యాలయం ఫైన్ ఆర్ట్స్ విభాగంలో పరీక్ష కోసం పెట్టిన ఒక విద్యార్థి పని మీద మతపరమైన అభ్యంతరం లేచి, ఆ విద్యార్థి అరెస్టు దాకా, డీన్ సస్పెన్షన్ దాకా వెళ్ళింది. ఆ పనుల్లో హిందూ దేవతల రూపాలూ ఉన్నాయి, సిలువా ఉంది. మతభావాల్ని ఉద్దేశపూర్వకంగా, దురుద్దేశంతో గాయపరచడం భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్ కింద నేరం. ఆ రెండు మాటలూ ముఖ్యం. ఉద్దేశం ఏమిటో చూపించగలిగేది కాగితమే. అందుకే ప్రదర్శన తెరవకముందే, బొమ్మ ఎందుకు ఎంచారో ఒక పేజీ రాసి, తేదీ వేసి, సంతకాలు చేసి ఫైల్లో పెట్టాలి.

ఎంపిక కమిటీలో ఐదుగురు చాలు: కళ నేర్పేవాళ్ళు ఒకరు, చరిత్రో తెలుగో చెప్పేవాళ్ళు ఒకరు, యాజమాన్యం తరఫున ఒకరు, బయటి కళాకారుడు ఒకరు, విద్యార్థి ఒకరు. యాజమాన్యం తరఫు ఓటు ఒక్కటే ఉండాలి. అదే సమయంలో సంస్థ సిద్ధాంతానికి సరిపడదని వాళ్ళు రాతపూర్వకంగా కారణం చెబితే దాన్ని గౌరవించాలి. తమ ఇంట్లో తమకో మాట ఉండడం తప్పు కాదు. తప్పల్లా ఆ మాట ప్రదర్శన తెరిచాక, ఫోన్ మీద, కారణం లేకుండా రావడమే. ఫిర్యాదు కాగితం మీద ఉండాలి. మూడు పనిదినాల్లో కమిటీ కూర్చోవాలి. అప్పటిదాకా, ఎవరికీ ప్రాణభయం లేనంతవరకూ, బొమ్మ గోడ మీదే ఉండాలి. మొదటి ఫోన్‌కాల్‌కే బొమ్మ దింపిన కాలేజీలో మరుసటి ఏడాది పిల్లలు పూలకుండీలు తప్ప ఏమీ వెయ్యరు. వాళ్ళని ఎవరూ వద్దనక్కర్లేదు, వాళ్ళే నేర్చుకుంటారు.

నగ్నత్వం మాటకొస్తే, ఇది కొత్త తగాదా కాదు. క్యాథలిక్ చర్చి ట్రెంట్ సభ 1563లో మతచిత్రాల మీద కట్టుబాట్లు పెట్టిన తరవాత, సిస్టీన్ చాపెల్‌లో మైకెలాంజెలో వేసిన చిత్రానికి దానియేలె ద వొల్తెర్రా అనే చిత్రకారుడి చేత గుడ్డలు వేయించారు. ఇటు చూస్తే ఇప్పుడున్న సింహాచలం గుడిని 13వ శతాబ్దంలో కట్టించిన తూర్పు గాంగ రాజు మొదటి నరసింహదేవుడే, గోడల నిండా శృంగార శిల్పాలున్న కోణార్క్ కూడా కట్టించాడు. శరీరం గురించి మతం ఏమనుకుంటుందన్న ప్రశ్నకి రెండు సంప్రదాయాల్లోనూ ఒకే జవాబు లేదు. డిగ్రీ విద్యార్థికి ఈ చిక్కు చూపించాల్సిందే. అయితే దారిన పోయేవాళ్ళందరికీ ఎదురుగా పెట్టనక్కర్లేదు. గుమ్మంలోంచి కనపడని లోపలి గోడ, ముందు ఒక వాక్యం సూచన, బడిపిల్లలు వచ్చే రోజుకి వేరే దారి. ఇవి చూపించడానికి చేసే ఏర్పాట్లు. దాచడానికి కాదు.

దానం వచ్చిన వస్తువు

పాత విద్యార్థులు ప్రేమతో ఏదో ఒకటి తెచ్చిస్తారు. పుచ్చుకునేముందు వయసు అడగండి. 100 ఏళ్ళు దాటిన శిల్పం, చిత్రం, లోహవస్తువు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి. రాతప్రతులకైతే 75 ఏళ్ళు. ఆ చట్టం పేర్కొన్న రకాలకి రిజిస్ట్రేషన్ కావాలి. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పలేని కంచు విగ్రహాన్ని ఎంత అందంగా ఉన్నా తీసుకోకూడదు. అది ఏ ఊరి గుళ్ళోంచి పోయిందో ఎవరికి తెలుసు?

విశాఖకి ప్రత్యేకమైన చిక్కు ఏనుగు దంతం. 18వ శతాబ్దంలో ‘వైజాగపటం’ పెట్టెలకి, బీరువాలకి, కుర్చీలకి ఇంగ్లండు దాకా పేరు. దంతపు పలకల మీద సన్నగీతలు చెక్కి, వాటిలో నల్ల లక్క నింపేవారు. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఇప్పటికీ ఉన్నాయి. ఆ పనితనం మన పిల్లలకి తెలియాలి, అందులో రెండో మాట లేదు. అయినా కాగితాల్లేని దంతపు పెట్టెని పుచ్చుకోవడం వన్యప్రాణి సంరక్షణ చట్టం ముందు చిక్కే. పెద్ద ఫొటోలతో, చెక్క మీద లక్క నింపిన విద్యార్థుల నమూనాలతో ఆ కథ బాగానే చెప్పవచ్చు.

కాపీరైట్ సంగతి చాలామంది తప్పుగా అనుకుంటారు. చిత్రం కొన్నంత మాత్రాన దాన్ని క్యాలెండరు మీద అచ్చు వేసుకునే హక్కు రాదు. ఆ హక్కు కళాకారుడు బతికినంతకాలం, ఆ తరవాత 60 ఏళ్ళు అతనిదీ, వారసులదీ. దానికి రాతపూర్వక అనుమతి కావాలి. కాలేజీ గోడ మీద ఆర్టిస్టు చేత వేయించిన పెద్ద చిత్రానికి రంగు కొట్టించేముందు ఆగండి. విజ్ఞాన్ భవన్ కుడ్యశిల్పాన్ని ఊడదీసి పాడుచేసిన కేసులో, 2005లో ఢిల్లీ హైకోర్టు శిల్పి అమర్‌నాథ్ సెహగల్‌కి మిగిలిన ముక్కలు తిరిగివ్వమనీ, 5 లక్షల పరిహారం ఇమ్మనీ తీర్పు చెప్పింది. బొమ్మని ప్రదర్శించకపోవడం ఉల్లంఘన కాదు. చెడగొట్టడం ఉల్లంఘన.

ఉప్పుగాలిలో కాగితం

అసలు శత్రువు ఇది. తీరాన గాలిలో తేమ ఏడాదిలో చాలాభాగం 70 శాతానికి పైనే. కాగితం మీద బూజు పట్టడానికి 65, 70 దాటి కొన్నాళ్ళు నిలిస్తే చాలు. అందుకని ఏసీ పెట్టిస్తారు. ఉదయం తొమ్మిదికి వేసి సాయంత్రం ఐదుకి ఆపేస్తారు. ఇదే అన్నిటికంటే చెడ్డ పద్ధతి. పగలంతా గోడ, అద్దం చల్లబడతాయి. ఆపగానే బయటి చెమ్మగాలి లోపలికి చేరి చల్లటి అద్దం మీద నీరవుతుంది. నీటిరంగు చిత్రం ఆ అద్దానికి అంటుకునే ఉంటే మూడు నెలల్లో గోధుమరంగు చుక్కలు పైకి తేలతాయి. దానికంటే ఏసీ లేకుండా ఫ్యాన్లతో గాలాడే గది నయం. డబ్బుంటే తేమ లాగే యంత్రం, అంటే డీహ్యూమిడిఫయర్, 55 దగ్గర పెట్టి రాత్రింబవళ్ళు నడపాలి. 600 చదరపు అడుగుల గదికి రోజుకి 20–30 లీటర్లు లాగేది కావాలి. అది పట్టిన నీళ్ళు దాని తొట్టిలోనే ఉంటే శనివారం నిండి ఆగిపోతుంది, సోమవారం దాకా ఎవరూ చూడరు. పైపు వేసి నేరుగా డ్రెయిన్‌లోకి వదలాలి.

ఫ్రేములో కాగితం అద్దాన్ని తాకకూడదు, మధ్యలో ఆమ్లం లేని మౌంట్ బోర్డు ఉండాలి. వెనక ప్లైవుడ్ చౌక ముక్క కొడితే చెదలకి విందు. ఫ్రేము వెనక నాలుగు మూలల్లో అరంగుళం కార్కు ముక్కలు అంటిస్తే గోడకీ ఫ్రేముకీ మధ్య గాలాడుతుంది. వానలో చెమ్మ దిగే బయటి గోడ మీద కాగితం పని తగిలించనే వద్దు. ఇనుప మేకులు ఏడాదికే తుప్పు కారి సున్నం మీద ఎర్రటి చార పెడతాయి. రావల్ ప్లగ్గు వేసి స్టెయిన్‌లెస్ స్టీలు స్క్రూలు, దొరికితే 316 గ్రేడువి, బిగించండి. బబుల్ ర్యాపు రవాణాకి మాత్రమే, స్టోరులో నెలల తరబడి అందులోనే ఉంచితే చెమ్మ బుడగల ముద్రతో సహా బొమ్మ మీదికి దిగుతుంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను ఈ ఊరి అద్దాల్ని ఏం చేసిందో అందరికీ గుర్తుంది. అక్టోబరు, నవంబరు నెలల్లో కిటికీ ఉన్న గదిలో అరువు తెచ్చిన పని పెట్టకండి. కాగితం ప్రదర్శనలకి డిసెంబరు నుంచి ఫిబ్రవరి మంచి కాలం.

వెలుతురుకి లెక్క సులువు. కాగితానికి, బట్టకి 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత), నూనెరంగులకి 200. రోజుకి 8 గంటల చొప్పున 30 రోజులు 50 లక్స్ కింద ఉన్న చిత్రానికి 12,000 లక్స్ గంటలు తగులుతుంది. మామూలు ట్యూబులైట్ల కింద 400 లక్స్ ఉన్న గదిలో అంత దెబ్బా 30 గంటల్లో, అంటే నాలుగు రోజులు నిండకుండానే తగులుతుంది. చిన్న లక్స్ మీటరు కొనుక్కోండి.

ఇక గోడ. 30 అడుగులు, 20 అడుగుల గదికి చుట్టుకొలత 100. తలుపులు, కిటికీలు, స్విచ్ బోర్డులు తీసేస్తే 75 మిగులుతుంది. రెండున్నర అడుగుల బొమ్మ, పక్కన రెండడుగుల ఖాళీ అనుకుంటే 16 పడతాయి. ఆ గదిలోనే 60 బొమ్మలు ఇరికించి, ఎవరినీ నొప్పించలేదనుకోవడం మన కాలేజీల అలవాటు. అప్పుడు ఎవరి బొమ్మా కనపడదు. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57 అంగుళాల ఎత్తున ఉండాలి. 30 అంగుళాల ఫ్రేముకి, బిగించిన తీగ పై అంచు నుంచి 3 అంగుళాల కిందికి ఉంటే, స్క్రూ ఎత్తు 57కి 15 కలిపి 3 తీసేస్తే 69. ప్రతి బొమ్మకీ ఈ లెక్క విద్యార్థి చేత కాగితం మీద వేయించి, రసమట్టం చేతికివ్వండి.

లేబుల్ రాయడం కూడా వాళ్ళ పనే. జాలరి పేటలో చేపల గంప దింపుకుంటున్న మరియమ్మ లినోకట్ ఒకటి ఉందనుకుందాం. ‘మాతృమూర్తి ఔన్నత్యాన్ని చాటే అద్భుత చిత్రం’ అని రాస్తే చూసేవాడికి పనేమీ మిగలదు. ‘గంప బరువుకి ఎడమ భుజం వంగింది. తల చుట్టూ వెలుగు వలయం లేదు, చుట్టకుదురు ఉంది. అక్కడ ఉలి గీతలు గుండ్రంగా తిరిగాయి, చూడండి’ అని రాస్తే చూపు ఆ భుజం దగ్గరికి, అక్కడి నుంచి తలమీదికి వెళ్తుంది. విశ్వాసం ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ అది కనపడుతుంది. 60 మాటలు మించకుండా, తెలుగు ముందు, ఇంగ్లీషు తరవాత. తెలుగు వత్తులు చిన్న అక్షరాల్లో కలిసిపోతాయి కాబట్టి 20 పాయింట్లకి తగ్గకూడదు.

గదికి డబ్బు మంజూరు కాకముందే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. అనుకున్న గదిలో తేమ, వేడి రెండూ చూపే మీటరు ఒకటి లోపలి గోడకి, ఒకటి సముద్రం వైపు గోడకి తగిలించి, ఉదయం పదింటికీ సాయంత్రం నాలుగింటికీ ఒక విద్యార్థి చేత పుస్తకంలో రాయించండి. జులై నుంచి జూన్ దాకా ఆ పుస్తకం నిండితే యంత్రం కావాలో వద్దో, ఏ గోడ వదిలెయ్యాలో, నీటిరంగులు ఏ నెలలో పెట్టవచ్చో అందులోనే ఉంటుంది.